కెర్నెల్ మారిన తరువాత కంప్యూటర్ మందగిస్తే: కాకతాళీయమా, కారణమా?

కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే కాకి బరువు వల్లనే పండు రాలిందని చూసినవారు అనుకోవడం సహజం. నిజానికి ముగ్గిన పండు తనంతట తానే రాలి ఉండవచ్చు. పూర్వులు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. తార్కికులు చెప్పిన ఈ న్యాయం కంప్యూటర్లకు చికిత్స చేసేవారికి కూడా నిత్యం అక్కరకు వచ్చేదే.

రాత్రి కంప్యూటర్‌లో కొత్త కెర్నెల్ చేరుతుంది. తెల్లవారి యంత్రాన్ని తెరచి ఒక చిన్న ఆదేశం ఇస్తే, నిన్నటి దాకా రెప్పపాటులో వచ్చిన జవాబుకు ఈవేళ రెండు మూడు సెకన్లు పడుతుంది. కొత్త కెర్నెలే యంత్రాన్ని పాడుచేసిందన్న తీర్పు వెంటనే వెలువడుతుంది. ఆ తీర్పు కొన్నిసార్లు అక్షరాలా నిజం, కొన్నిసార్లు పూర్తిగా పొరపాటు. ఏది ఎప్పుడో తేల్చుకునే పద్ధతి మాత్రం ఒకటున్నది.

ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాలకు లినక్స్ ఇప్పుడు వింత వస్తువు కాదు. కంప్యూటర్ శాస్త్రం చదివే పిల్లల లాప్‌టాప్‌లలో అది ఉంటుంది. కొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రానికి రెండవ జన్మ ఇవ్వడానికి దానినే ఎక్కిస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తున్నదీ లినక్స్ కెర్నెలే. యంత్రం మందగించినప్పుడు ఇంట్లో సాధారణంగా రెండు సలహాలు బయలుదేరుతాయి. పాత కెర్నెల్‌కే తిరిగిపోదామన్నది ఒకటి. కెర్నెల్‌లోని రక్షణలను ఆపివేస్తే పాత వేగం వస్తుందన్నది రెండవది. ఆ యంత్రంలోనే బ్యాంకు లెక్కలు, పాస్‌పోర్టు నకళ్ళు, పన్నుల పత్రాలు, స్వదేశంలోని తల్లిదండ్రులకు సొమ్ము పంపే ఖాతాల రహస్య పదాలు ఉంటాయి. కారణం తెలియకుండా ఈ రెండు సలహాలలో దేనిని పాటించినా, పొగ వస్తున్నదని ఇంటి తలుపులన్నీ బార్లా తెరచి నిద్రపోవడం వంటిదే.

కెర్నెల్ అన్న ఇంగ్లీషు మాటకు గింజ లోపలి పప్పు అని అర్థం. మామిడి టెంకను పగులగొడితే కనిపించే జీడి వంటిదన్నమాట. చుట్టూ ఉన్న టెంక వంటి భాగానికి షెల్ అని పేరు. మనిషి ఇచ్చే ఆదేశాన్ని షెల్ అందుకుంటుంది, అసలు పనిని కెర్నెల్ చేయిస్తుంది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఈనాడు ప్రపంచమంతటా వేలాదిమంది చేతుల మీదుగా పెరుగుతున్నది.

కెర్నెల్ చేసే పనిని అర్థం చేసుకోవడానికి పాతకాలపు తాలూకా కచేరీని తలచుకుంటే చాలు. రికార్డు గదిలోకి రైతులెవరికీ ప్రవేశం లేదు. కావలసిన వారు కిటికీ దగ్గర అర్జీ పెట్టుకోవాలి, లోపలి గుమాస్తా దస్త్రం వెదికి జవాబు చెప్పాలి. కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రాము ఆ కిటికీ బయట నిలబడిన రైతే. డిస్కు మీది ఫైలును తెరవాలన్నా, తెరమీద ఒక అక్షరం రాయాలన్నా, మరొక ప్రోగ్రామును ప్రారంభించాలన్నా అది కెర్నెల్‌కు అర్జీ పెట్టుకోవలసిందే. ఈ అర్జీకి సిస్టం కాల్ అని పేరు.

ఫైళ్ళ పేర్లు చూపే ఎల్ఎస్ వంటి అతి చిన్న ఆదేశం కూడా ఇట్టే జరిగిపోదు. షెల్ మొదట తనకు నకలు వంటి మరొక ప్రక్రియను పుట్టిస్తుంది. అది తన రూపం మార్చుకొని ఎల్ఎస్ అవుతుంది. తరువాత దానికి కావలసిన లైబ్రరీలను వెదకడం, తెరవడం, మెమరీలో అమర్చడం జరుగుతుంది. పిదప భాష, లిపి మొదలైన అమరికలను చదవాలి. ఇంత తతంగం జరిగిన తరువాతనే అసలు పని. ఈ లోపల పదుల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు వంద దాటి, అర్జీలు నడుస్తాయి. మెమరీలో ఇంకా అమర్చని పుటను తాకినప్పుడల్లా అర్జీ లేకుండానే పని కెర్నెల్ చేతికి పోవడం దీనికి అదనం. కాబట్టి చిన్న ఆదేశానికి పని తక్కువ, కచేరీ చుట్టూ తిరుగుడు ఎక్కువ. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

రోగ నిర్ణయానికి ముందు ఒక హెచ్చరిక అవసరం. కొత్త కెర్నెల్ అమలులోకి రావాలంటే సాధారణంగా యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ ప్రారంభించాలి. నెలల తరబడి ఆగకుండా నడుస్తున్న యంత్రమైతే ఆ ఒక్క పునఃప్రారంభంలో మారేవి అనేకం. అంతవరకు డిస్కునుండి తెచ్చి మెమరీలో నిలవ చేసుకున్నదంతా చెరిగిపోతుంది కనుక ఏ ఆదేశమైనా మొదటిసారి మెల్లగానే నడుస్తుంది. అదే ఆదేశాన్ని వెంటనే రెండవసారి ఇచ్చినప్పుడు వేగం తిరిగివస్తే అక్కడ రోగమే లేదు. మధ్యకాలంలో వచ్చి చేరి, పునఃప్రారంభం కోసం ఎదురుచూస్తున్న ఇతర మార్పులు కూడా ఆ రోజే మేల్కొంటాయి. ఎప్పుడో ఎవరో పొరపాటున మార్చిన ఒక అమరిక కూడా ఆ రోజే పట్టుబడుతుంది. నింద మాత్రం కెర్నెల్ మీద పడుతుంది. తాటిచెట్టు మీద ఆ ఉదయం వాలిన పక్షులు పది ఉంటే, కంటికి కనిపించింది కాకి ఒక్కటే.

తొలి పరీక్ష చాలా సులభం. యునిక్స్ సంప్రదాయంలోని యంత్రాలన్నిటిలో టైం అనే ఆదేశం ఉన్నది. మందగించిన ఆదేశానికి ముందు ఆ మాట చేర్చి నడిపితే చివర మూడు అంకెలు వస్తాయి. మొదటిది రియల్, అనగా గోడ గడియారం ప్రకారం గడిచిన కాలం. రెండవది యూజర్, అనగా ప్రోగ్రాము తన సొంత లెక్కలకు ప్రాసెసర్‌ను వాడుకున్న కాలం. మూడవది సిస్, అనగా ఆ ప్రోగ్రాము తరఫున కెర్నెల్ పనిచేసిన కాలం. నాడి పట్టి చూసే వైద్యునికి వాతపిత్తకఫాలు ఎటువంటివో కంప్యూటర్ వైద్యునికి ఈ మూడు అంకెలు అటువంటివి. వీటిని చూడకుండా మందు వేసేవారే ఎక్కువ కావడం విచారకరం.

రియల్ మూడు సెకన్లు ఉండి, యూజర్, సిస్ రెండూ కలిపినా సెకనులో పదవ వంతు కూడా లేవనుకుందాం. ప్రోగ్రాము పనిచేయడం లేదు, కెర్నెలూ పనిచేయడం లేదు. రెండూ దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. సర్వసాధారణంగా ఆ ఎదురుచూపు నెట్‌వర్కు కోసం. పేరు చెబితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వరు పలకకపోతే ఆదేశం కొన్ని సెకన్లు ఓపిక పట్టి, మళ్ళీ అడిగి, చివరికి విడిచిపెడుతుంది. అధికారి హక్కులతో పనిచేయించే సూడో అనే ఆదేశం ఈ తరహా జాప్యానికి పెట్టింది పేరు. కంప్యూటర్‌కు పెట్టిన పేరు దాని సొంత హోస్ట్స్ పట్టికలో లేకపోతే, తన పేరు తానే ఊరంతా విచారించుకుంటూ కూర్చోవచ్చు. మరికొన్ని యంత్రాలలో ఎక్కడో ఉన్న ఫైలు సర్వరును తాకే మార్గం ఒకటి ఆదేశాలు వెదికే దారుల పట్టికలో చేరి ఉంటుంది. ఈ సందర్భాలలో కెర్నెల్ తరచుగా నిర్దోషి.

ఆ ఎదురుచూపు ఎక్కడో చూపించే సాధనం ఎస్‌ట్రేస్. కిటికీ పక్కన కూర్చొని ప్రతి అర్జీనీ, దానికి పట్టిన కాలాన్నీ రాసుకునే లేఖకుని వంటిదది. ఒక అర్జీ దగ్గర అయిదు సెకన్ల ఖాళీ కనబడితే దొంగ దొరికినట్టే. అయితే లేఖకుడు ప్రతి అర్జీనీ ఆపి రాసుకోవడం వల్ల పని మొత్తం బాగా మందగిస్తుంది. కాబట్టి ఏ అర్జీ ఎక్కువ తినేసిందో పోల్చుకోవడానికి ఆ లెక్కలు పనికివస్తాయి గాని, అసలు వేగాన్ని కొలవడానికి పనికిరావు.

ఎదురుచూపుల్లో కెర్నెల్ నిజంగానే కారణమైన ఘట్టం 2019 సెప్టెంబరులో జరిగింది. డిస్కుమీది సమాచారాన్ని తక్కువసార్లు తాకి త్వరగా చదివేలా ఎక్స్‌ట్ ఫోర్ ఫైల్ వ్యవస్థలో ఒక మంచి మార్పు చేశారు. లినక్స్ 5.3 విడుదల దగ్గర పడుతుండగా, పరీక్షిస్తున్నవారిలో ఒకరి యంత్రం ప్రారంభమవుతూ మధ్యలో నిలిచిపోసాగింది. మీటలు నొక్కితే కదిలేది. విచారిస్తే తేలినది విచిత్రం. రహస్య సంకేతాలకు కావలసిన యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించడానికి కెర్నెల్ డిస్కు కదలికలు, మీటల నొక్కుళ్ళు వంటి బయటి సంఘటనల సమయాలను పోగుచేసుకుంటుంది. డిస్కు పని తగ్గింది కనుక ఆ పోగు నిండలేదు, నిండేదాకా ప్రోగ్రాము ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఒకచోట చేసిన వేగం మరొకచోట స్తంభనకు దారితీసిందన్నమాట. టోర్వాల్డ్స్ ఆ మార్పును 5.3 విడుదలలో వెనక్కి తీసుకున్నారు. మార్పులో తప్పు లేకపోయినా సరే, నడుస్తున్న యంత్రం నిలిచిపోవడం తప్పే కదా. తరువాతి 5.4లో ప్రాసెసర్ గడియారపు స్వల్పమైన తడబాట్ల నుండే యాదృచ్ఛికతను పోగుచేసుకునే ఏర్పాటు వచ్చింది.

యూజర్ అంకె పెరిగి ఉంటే అనుమానం మరొకవైపు పోవాలి. ప్రోగ్రాము అదే, లెక్క అదే అయినప్పుడు దానికి ఎక్కువ కాలం పట్టిందంటే ప్రాసెసరే మెల్లగా నడుస్తూ ఉండాలి. విద్యుత్తును పొదుపు చేయడానికి ఇప్పటి ప్రాసెసర్లు తమ వేగాన్ని క్షణక్షణమూ మార్చుకుంటాయి, ఆ పగ్గాలు చాలావరకు కెర్నెల్ చేతిలో ఉంటాయి. కొత్త కెర్నెల్ ఆ పగ్గాలు పట్టే డ్రైవర్‌ను మార్చి ఉండవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్లకు 2013లో లినక్స్ 3.9తో ఇటువంటి కొత్త డ్రైవర్ ఒకటి వచ్చింది. లాప్‌టాప్ రెక్కలలో దుమ్ము పేరుకొని, వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకున్నా ఇదే లక్షణం కనబడుతుంది. దానికి చికిత్స కుంచెతో.

సమయం చూసే పని కూడా ఒక్కొక్కప్పుడు భారమవుతుంది. ప్రోగ్రాములు సెకనుకు వేలసార్లు గడియారం చూస్తాయి. మామూలుగా ఇది కెర్నెల్ తలుపు తట్టకుండానే ప్రాసెసర్‌లోని టీఎస్‌సీ అనే లెక్కింపు యంత్రం ద్వారా జరిగిపోతుంది. ఆ గడియారం నమ్మదగినది కాదని కెర్నెల్ నిశ్చయించుకుంటే, ప్రాసెసర్ వెలుపల ఉన్న మరొక మెల్లని గడియారానికి మారుతుంది. అప్పుడు ప్రతిసారీ కిటికీ దగ్గరకు పోవలసివస్తుంది. కెర్నెల్ రాసుకునే దినచర్యను డీమెసేజ్ అనే ఆదేశంతో చదివితే, టీఎస్‌సీ నిలకడగా లేదన్న వాక్యం అందులో కనిపిస్తుంది.

ఇక మిగిలినది సిస్. ఈ అంకె పాత కెర్నెల్‌లో చిన్నదిగా ఉండి కొత్తదానిలో పెద్దదైతే, కాకి నిజంగానే బరువైనదని ఒప్పుకోవాలి. ఇటువంటి మందగమనానికి చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ 2018 జనవరి. ఆ నెలలో లినక్స్‌కే కాదు, విండోస్‌కు కూడా వచ్చిన మార్పులు లక్షలాది యంత్రాలను కొంచెమో గొప్పో మెల్లగా నడిపించాయి. తెలిసి, కావాలని.

దాని వెనుక ఉన్నది మెల్ట్‌డౌన్ అనే దోషం. 2018 జనవరి 3న అది లోకానికి వెల్లడైంది. గూగుల్ సంస్థలోని యాన్ హార్న్, జర్మనీకి చెందిన సైబరస్ టెక్నాలజీ పరిశోధకులు, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయపు డానియల్ గ్రూస్ బృందం విడివిడిగా దీనిని కనిపెట్టారు. దోషం కెర్నెల్‌ది కాదు, ప్రాసెసర్‌ది. 1995 తరువాత వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నీ దీనికి లోనుకావచ్చునని వారు ప్రకటించారు. ఏఎండీ ప్రాసెసర్లకు ఈ దోషం లేదు.

దోష స్వరూపం తెలియాలంటే మళ్ళీ కచేరీకి పోవాలి. అక్కడి గుమాస్తా అతి చురుకైనవాడు. అర్జీ చేతికి రాగానే, అధికారి అనుమతి వచ్చేలోపల ఖాళీగా ఉండడం దేనికని, అనుమతి వస్తుందనే నమ్మకంతో పని మొదలుపెడతాడు. అనుమతి రాకపోతే చేసినదంతా చించివేస్తాడు. రైతుకు ఏమీ చెప్పడు కనుక ప్రమాదం లేదని అందరూ నమ్మారు. ఇప్పుడొక కపటి వచ్చి ఇలా అర్జీ పెట్టాడు: రహస్య దస్త్రంలో మొదటి అంకె ఎంతో చూసి, ఆ అంకె గల బహిరంగ పుస్తకాన్ని బీరువాలోనుండి తీసి బల్లమీద పెట్టవలసినది. గుమాస్తా రహస్య దస్త్రం తెరిచాడు. అంకె ఏడు. ఏడవ పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. అంతలో అధికారి నుండి అనుమతి లేదన్న మాట వచ్చింది. గుమాస్తా కాగితం చించివేసి, కుదరదు పొమ్మన్నాడు. కాని ఏడవ పుస్తకాన్ని తిరిగి బీరువాలో పెట్టలేదు.

కపటి చేయవలసినది ఇంతే. సున్న నుండి తొమ్మిది దాకా పుస్తకాలను ఒక్కొక్కటిగా అడుగుతాడు. అవన్నీ బహిరంగ పుస్తకాలే కనుక కాదనడానికి లేదు. మిగిలినవన్నీ బీరువాలోనుండి రావడానికి సమయం పడుతుంది, ఏడవది మాత్రం తక్షణం వస్తుంది. రహస్యం బయటపడింది. ప్రాసెసర్ విషయంలో ఆ బల్ల పేరు కాష్. ఈ ఉపాయంతో కెర్నెల్ మెమరీని సెకనుకు 503 కిలోబైట్ల వేగం దాకా చదవగలిగామని పరిశోధకులు తమ పత్రంలో రాశారు. రహస్య పదాల పట్టిక ఎంతటిదైనా ఆ వేగానికి నిలవదు.

మరి రహస్య దస్త్రం గుమాస్తా చేతికి అందేంత దగ్గరగా ఎందుకున్నది? వేగం కోసమే. ప్రతి ప్రోగ్రాముకూ మెమరీలో ఏది ఎక్కడున్నదో చెప్పే పటం ఒకటి ఉంటుంది. కెర్నెల్ తన గదులన్నిటినీ కూడా ఆ పటంలోనే గీసి, వాటిపై ప్రవేశం నిషిద్ధమన్న ముద్ర వేసి ఉంచేది. అర్జీ వచ్చినప్పుడల్లా పటం మార్చుకోనక్కరలేకుండా ఆ సదుపాయం. మెల్ట్‌డౌన్‌తో ఆ ముద్రకు విలువ లేకుండా పోయింది. అందుచేత కెర్నెల్ రచయితలు రెండు పటాలు గీశారు. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఉండే పటంలో కెర్నెల్ గదులు దాదాపు కనిపించవు, తలుపు మాత్రం కనిపిస్తుంది. అర్జీ రాగానే పూర్తి పటం తెరుస్తారు. జవాబు చెప్పి పంపేటప్పుడు మళ్ళీ మూసివేస్తారు. లేని గదిలోని దస్త్రాన్ని ఎంత చురుకైన గుమాస్తా అయినా తెరవలేడు. ఈ ఏర్పాటుకు కెర్నెల్ పేజ్ టేబుల్ ఐసొలేషన్ అని పేరు, పొట్టిగా కేపీటీఐ. గ్రాజ్ బృందం 2017లోనే వేరొక చిన్న బలహీనతకు విరుగుడుగా కైసర్ పేరుతో దీని తొలి రూపాన్ని ప్రతిపాదించి ఉండడం లోకానికి కలిసివచ్చింది. లినక్స్ 4.15లో ఇది ప్రవేశించి, 4.14.11కు కూడా అందించబడింది.

పటం మార్చే ఒక్కొక్క చర్యకు సుమారు వంద ప్రాసెసర్ చక్రాల కాలం పడుతుందని కెర్నెల్‌తో వచ్చే వివరణ పత్రమే చెబుతుంది. లోపలికి పోయేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి. ఇది చిన్న ఖర్చే. పెద్ద ఖర్చు మరొకటి. పటమంతా ప్రతిసారీ వెదకకుండా, ఇటీవల చూసిన చిరునామాలను ప్రాసెసర్ ఒక చిన్న చీటీ మీద రాసుకుంటుంది. దాని పేరు టీఎల్‌బీ. పటం మారితే చీటీ చెల్లదు, చించి కొత్తగా రాసుకోవాలి. 2010 ప్రాంతాల నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో పీసీఐడీ అనే సదుపాయం ఉన్నది. చీటీలోని ప్రతి పంక్తి పక్కన అది ఏ పటానికి చెందినదో గుర్తు పెట్టుకుంటే, పటం మారినప్పుడు చీటీ చించనక్కరలేదు. లినక్స్ ఈ సదుపాయాన్ని వాడుకోవడం నేర్చుకున్నది 4.14లో, అంటే 2017 నవంబరులో విడుదలైన కెర్నెల్‌లో. ప్రమాదం బయటపడడానికి రెండు నెలల ముందన్నమాట.

దీనివల్ల భారం అందరి మీదా సమానంగా పడలేదు. వీడియోను కుదించే ప్రోగ్రాము గంటసేపు తన లెక్కలలో తాను మునిగి ఉంటుంది, కిటికీ దగ్గరకు అరుదుగా వస్తుంది. దానికి తేడా తెలియనే తెలియదు. డేటాబేసులు, ఫైలు సర్వర్లు ఎక్కువగా బాధపడ్డాయి. ఒకదాని వెంట ఒకటిగా వేలాది చిన్న ఆదేశాలను నడిపే షెల్ పట్టికలు కూడా అంతే. అప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ 2018 ఫిబ్రవరిలో ప్రకటించిన కొలతల ప్రకారం, ఒక్కొక్క ప్రాసెసర్ మీద సెకనుకు 50 వేల అర్జీలు నడిచే చోట భారం 2 శాతం దాకా ఉండవచ్చు. తమ సంస్థ పనులకు 0.1 నుండి 6 శాతం వరకు ఉండవచ్చునని ఆయన అంచనా. పీసీఐడీ లేని పాత ప్రాసెసర్ల మీద దెబ్బ ఇంకా గట్టిది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. ఆరు శాతమంటే వంద మిల్లీసెకన్ల ఆదేశం నూట ఆరు కావడం. దానిని మనిషి కన్ను పట్టలేదు. కాబట్టి రెప్పపాటు ఆదేశం మూడు సెకన్లయితే, అందుకు కేపీటీఐ ఒక్కటే కారణమనడం నమ్మదగిన మాట కాదు. ఏ వార్త ప్రచారంలో ఉంటే ఆ వార్తకే ప్రతి రోగాన్నీ అంటగట్టే అలవాటు 2018లో బాగా కనిపించింది. కొలత ఎంత ఉన్నదో, కారణానికి అంత బలమున్నదా అని చూసుకోవడం నిదానులు చేసే పని.

యంత్రానికి ఏ రక్షణలు అమలులో ఉన్నాయో కెర్నెలే చెబుతుంది. సిస్ అనే ఫోల్డరు లోపల ప్రాసెసర్ వివరాల కింద వల్నరబిలిటీస్ అనే చోటు ఉన్నది. అందులో మెల్ట్‌డౌన్ పేరు గల ఫైలును చదివితే, దోషం లేదనో, పీటీఐతో రక్షణ ఉన్నదనో, రక్షణ లేదనో ఒక్క పంక్తి జవాబు వస్తుంది. ప్రాసెసర్ గుణగణాల పట్టికలో పీసీఐడీ అనే మాట ఉన్నదేమో కూడా చూడాలి. అద్దెకు తీసుకున్న మిథ్యా యంత్రాలలో ఇది తరచుగా తప్పిపోయేది. అసలు ప్రాసెసర్‌లో సదుపాయం ఉన్నా, మధ్యనున్న వ్యవస్థ దానిని లోపలి యంత్రానికి చూపించేది కాదు. ఒక్క అమరిక మార్చగానే పోయిన వేగంలో చాలావరకు తిరిగివచ్చిన సందర్భాలు ఇవే.

సిస్ కాలం ఎక్కడ ఖర్చయిందో లోతుగా చూడడానికి 2009 నుండి కెర్నెల్‌తోపాటే వస్తున్న పెర్ఫ్ అనే సాధనం ఉన్నది. కాని గృహస్థులకు అంతకంటే తేలికైన పరీక్ష పాత కెర్నెల్‌తో పోలిక. చాలా లినక్స్ పంపిణీలు కొత్త కెర్నెల్ చేర్చినప్పుడు పాతదానిని వెంటనే తొలగించవు. యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు వచ్చే పట్టికలో అది ఉంటుంది. పాతదానితో ప్రారంభించి, ఆదేశాన్ని రెండుసార్లు నడిపి, రెండవసారి వచ్చిన మూడు అంకెలను కాగితం మీద రాసుకోవాలి. తరువాత కొత్తదానితోనూ అదే విధంగా. మధ్యలో మరేదీ మార్చకూడదు. రెండింటిలోనూ ఆదేశం మెల్లగానే నడిస్తే కెర్నెల్ నిర్దోషి అని దాదాపు తేలినట్టే. పావుగంట కూడా పట్టని ఈ పరీక్షను దాటవేసి వారం రోజులు అమరికలు తిప్పేవారి సంఖ్య తక్కువ కాదు.

కెర్నెలే దోషి అని తేలినప్పుడు, అందులోని ఏ మార్పు దోషి అన్నది నిపుణుల ప్రశ్న. రెండు విడుదలల మధ్య మార్పులు పద్నాలుగు వేల వరకు ఉండవచ్చు. నిఘంటువులో మాట వెదికేవారు మధ్య పుట తెరచి, ముందా వెనుకా అని చూసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసినట్టు, ఈ మార్పులను సగం సగం చేస్తూ పోతే పద్నాలుగు పరీక్షలలో దోషి దొరుకుతుంది. 2018 నవంబరులో లినక్స్ 4.20 తయారవుతుండగా కొన్ని ఇంటెల్ యంత్రాలు దారుణంగా మందగించినప్పుడు, ఫొరానిక్స్ పత్రిక నడిపే మైకేల్ లారాబెల్ ఈ పద్ధతితోనే కారణం పట్టుకున్నారు. స్పెక్టర్ అనే మరొక దోషానికి విరుగుడుగా వచ్చిన ఎస్‌టీఐబీపీ అనే రక్షణను అన్ని ప్రోగ్రాములకూ తప్పనిసరి చేయడమే ఆ కారణం. కొన్ని పనులలో వేగం దాదాపు సగానికి పడిపోయింది. ఆ మూల్యం తగనిదని టోర్వాల్డ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పగా, కోరుకున్న ప్రోగ్రాములకు మాత్రమే ఆ రక్షణ వర్తించేలా డిసెంబరులో 4.20 వెలువడేలోపే సవరించారు. మందగమనాన్ని కొలిచి చెప్పినవారు లేకపోతే అది అలాగే ఉండిపోయేదేమో.

రక్షణలను ఆపివేసే మార్గం కెర్నెల్‌లోనే ఉన్నది. 2019లో వచ్చిన 5.2 నుండి మిటిగేషన్స్ అన్న అమరికను ఆఫ్ అని రాస్తే, ఇటువంటివన్నీ ఒక్క దెబ్బతో ఆగిపోతాయి. రోగ నిర్ణయానికి ఒకసారి అలా ప్రారంభించి, నెట్‌వర్కు తీగ ఊడదీసి, కొలిచి చూడడంలో తప్పు లేదు. బయటి ప్రపంచంతో సంబంధం లేని, ఒకే నమ్మకమైన పని చేసే ప్రయోగశాల యంత్రాలలో దానిని శాశ్వతంగా ఉంచుకునేవారూ ఉన్నారు. ఇంటి యంత్రం సంగతి వేరు. బ్రౌజరు తెరచిన ప్రతిసారీ ఎక్కడెక్కడివో ప్రోగ్రాములు వచ్చి ఆ కిటికీ దగ్గర నిలబడతాయి, వాటిలో కపటి ఎవరో ఎవరికీ తెలియదు. ఈ తరహా దోషాలు 2018తో ముగిసిపోనూ లేదు. 2022 జూలైలో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు రెట్‌బ్లీడ్ అనే మరొక దోషాన్ని వెల్లడించారు. దాని విరుగుడు వల్ల ఏఎండీ యంత్రాలలో 14 శాతం, ఇంటెల్ యంత్రాలలో 39 శాతం వరకు అదనపు భారం పడవచ్చునని వారే కొలిచారు.

కొలతలన్నీ అయిన తరువాత భారం నిజంగా రక్షణలదేనని తేలితే, ఆ ధనాన్ని ప్రాసెసర్‌పై వెచ్చించడం మేలు. 2019లో వచ్చిన కాస్కేడ్ లేక్ మొదలుకొని ఇంటెల్ కొత్త ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్‌కు లోపలే విరుగుడు ఉన్నది. వాటిలో కెర్నెల్ రెండు పటాల ఏర్పాటును తనంతట తానే విడిచిపెడుతుంది. అటువంటి యంత్రంలో వల్నరబిలిటీస్ చోటునున్న మెల్ట్‌డౌన్ ఫైలును తెరిస్తే కనిపించేది ఒక్కటే పంక్తి, ఈ దోషం ఇక్కడ వర్తించదని.